పదిహేనేళ్ల దాకా ఎవరూ కొలవని బ్రేకు

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ వారికి,

తిరుమల కొండ దిగే కారుకు నలభై నిమిషాల లెక్క ఒకటి ఉంది. పైన బయల్దేరేటప్పుడు టైమ్ పడిన చీటీ చేతికిస్తారు. నలభై నిమిషాల కంటే ముందే కింద తేలితే స్పీడుగా దిగినట్టే. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు అది. దాదాపు 19 కిలోమీటర్ల దారిలో 36 పెద్ద మలుపులు. తర్వాత వేసిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లకు, ఈ పాతది దిగేవాళ్లకు. ఎవరో అనుభవం ఉన్నవాళ్లు సామాన్యుడి కారు బ్రేకు ఎంత మోయగలదో ఆలోచించి పెట్టిన నియమమిది. అందులో ఎంతో ఇంగితం ఉంది.

ఆ మోత ఎంతో లెక్క వేసి చూడవచ్చు. చిన్న హ్యాచ్‌బ్యాక్, అందులో అయిదుగురు, డిక్కీలో బ్యాగులు, ఒళ్లో లడ్డూ సంచులు, అంతా కలిపి 1,100 కిలోలనుకుందాం. కొండ మీది నుంచి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగివస్తే ఏడున్నర మెగాజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. పాతిక లీటర్ల చన్నీళ్లను తెర్లించడానికి సరిపోయేంత వేడి అది. కొంత ఇంజిన్ మింగుతుంది, కొంత గాలికీ టైర్లకూ పోతుంది. మిగిలినదంతా చక్రాల దగ్గరున్న ఇనుములోకే. పెట్రోలు ఆదా అనుకుని న్యూట్రల్‌లో వదిలితే ఇంజిన్ మోయాల్సిన వాటా కూడా బ్రేకు మీదే పడుతుంది. ఇంజిన్ ఆపేసి దొర్లిస్తే మరీ ప్రమాదం. రెండు మూడుసార్లు తొక్కేసరికి, కాలి బలానికి తోడయ్యే బ్రేకు బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ బిగుసుకుపోతుంది.

కొండ దిగి పక్కకు ఆపిన కార్ల ముందు చక్రాల దగ్గర వచ్చే మాడు వాసన ఆ దారిన వెళ్లినవాళ్లందరికీ ఎరుకే. ప్యాడ్లలోని రెసిన్ కాలుతున్న వాసన అది. ఇంకొంచెం ముదిరితే ప్యాడుకూ డిస్కుకూ మధ్య పట్టు తగ్గుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. రెండో ప్రమాదం బ్రేక్ ఆయిల్‌లో ఉంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4 అయితే 230, 155. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి. కాలు నొక్కిన ఒత్తిడంతా బుడగను నలపడానికే సరిపోయి, పెడల్ నేలకు దిగిపోతుంది. పాడేరు ఘాట్‌లోనైనా, అనంతగిరి మలుపుల్లోనైనా, మారేడుమిల్లి నుంచి చింతూరు దారిలోనైనా, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడైనా ఇదే పరిస్థితి. అక్కడ టైమ్ చీటీ ఇచ్చేవాళ్లు కూడా లేరు.

కొత్త కార్ల విషయంలో మీ శాఖ చేసింది చిన్న పని కాదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. కంగారులో ఎంత గట్టిగా తొక్కినా చక్రం జామ్ కాదు, స్టీరింగ్ మాట వింటుంది. బాష్ సంస్థ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌కు పెట్టిన ఆ ఏర్పాటు మీ ఒక్క నిబంధనతో మన దేశంలో అతి చవక కారు దాకా వచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు మొదలయ్యాయి. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును గుద్దించి లోపలివాళ్లకు ఏమవుతుందో చూస్తున్నారు. మూడు నక్షత్రాలు, ఆపైన కావాలంటే, కారు అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌సీ ఉండాలన్నారు. గుద్దుకున్నాక ఏమవుతుందో కొనేవాడికి ఇప్పుడు తెలుస్తోంది. గుద్దుకోకముందు కారు ఎన్ని మీటర్లలో ఆగుతుందో మాత్రం ఆ నక్షత్రాల్లో కనిపించదు.

అదీ కొత్త కార్ల సంగతి. ఈ లేఖ పాత చిన్న కార్ల కోసం.

ప్రైవేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాతే తనిఖీ, అయిదేళ్లకోసారి పొడిగింపు. అంటే 2019 మార్చిలో ఏబీఎస్ లేకుండా షోరూమ్ దాటిన చిన్న కారు 2034 దాకా మొదటి కాగితాల మీదే తిరుగుతుంది. ఈలోగా దాని పొగను మాత్రం కొలుస్తూనే ఉంటారు. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాదికోసారి, అంతకు ముందువాటికి ఆర్నెల్లకోసారి పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. పెట్రోలు బంకు పక్కన వ్యానులో అయిదు నిమిషాల్లో అయిపోయే పని. అది ఉండాల్సిందే. కానీ పొగగొట్టానికి ఉన్న శ్రద్ధ బ్రేకు పెడల్‌కు లేదు. కారు కొన్న రోజు నుంచి పదిహేనేళ్లు నిండేదాకా అది ఎంత దూరంలో ఆగుతోందో ప్రభుత్వం తరఫున ఎవరూ ఒక్కసారి కూడా చూడరు.

ఆ పదిహేనేళ్లలో కారు ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. మొదటి యజమాని కంపెనీ సర్వీసుకు తీసుకెళ్తాడు. రెండోవాడు వారంటీ అయిపోయింది కదా అని బయట చేయిస్తాడు. మూడోవాడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, పిల్లలను బడికి దింపాలనుకున్న టీచరమ్మ, ఊళ్లో నాన్నను ఆసుపత్రికి తిప్పాల్సిన కొడుకు. వాళ్లు ఏసీ పనిచేస్తోందా, మైలేజీ ఎంత, టైర్లు ఎన్నాళ్లొస్తాయి అని అడుగుతారు. బ్రేకు గురించి అడిగినా కాలనీ సందులో ఇరవై కిలోమీటర్ల వేగంతో ఒకసారి తొక్కి చూపిస్తే సరే అనుకుంటారు. ఆ వేగంతో ఏ బ్రేకైనా ఆగుతుంది.

తేడా బయటపడేది హైవే మీద. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో రెండు కార్లు పక్కపక్కన వెళ్తున్నాయి. ఒకే క్షణంలో ఇద్దరూ బ్రేకు తొక్కారు. మొదటి కారు టైర్లు, ప్యాడ్లు సరిగ్గా ఉన్నాయి, సెకనుకు సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గి 35 మీటర్లలో ఆగింది. రెండో కారు అరిగిన లైనర్లతో 5 మీటర్ల చొప్పునే తగ్గించుకోగలిగింది. దానికి కావాల్సింది 49 మీటర్లు. ఆ పద్నాలుగు మీటర్ల తేడా కాగితం మీద చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండో కారు ఇంకా గంటకు 43 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. డివైడర్ సందులోంచి రోడ్డు దాటుతున్న మనిషికి ఆ 43 ప్రాణాంతకం. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని మీ శాఖ నివేదికే చెప్పింది. పదింట ఏడు మరణాలకు అతివేగం కారణమని అందులో ఉంది. ఆగాల్సిన చోట ఆగలేకపోయిన పాత కారు కూడా ఆ అతివేగం గడిలోనే చేరిపోయే వీలుంది. ఎందుకంటే ప్రమాదానికి ముందు ఆ కారు బ్రేకును కొలిచిన అంకె ఎక్కడా లేదు.

ఇప్పుడు ఒక యజమానికి ఈ లెక్క తెలిసి, ఉన్నదాన్ని బాగుచేయించుకోవడమే కాక ఇంకాస్త మెరుగైన బ్రేకు పెట్టించుకుందామనుకున్నాడనుకోండి. ముందు డిస్కు పెద్దది వేయించాలా, గాలి ఆడే రకం డిస్కు వేయించాలా, వెనుక డ్రమ్ములు తీసేయాలా? అతనికి జవాబు చెప్పే అధికారి ఎవరు?

చట్టం వైపు చూస్తే అయోమయం. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. తీరా ఆర్‌సీ తీసి చూస్తే అందులో ఛాసిస్ నంబరు ఉంది, ఇంజిన్ నంబరు ఉంది, రంగు ఉంది, సీట్లు ఉన్నాయి. బ్రేకు డిస్కు ఎన్ని మిల్లీమీటర్లో లేదు. మరి అదే కంపెనీ తయారుచేసిన పెద్ద మోడల్ డిస్కును చిన్న మోడల్‌కు వేయడం తప్పా, ఒప్పా? ఒక అధికారి ఫర్వాలేదంటాడు, ఇంకొకాయన కుదరదంటాడు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయర్ ఏమంటాడో అప్పటిదాకా తెలియదు. బాధ్యత గల యజమాని ఈ భయంతోనే వెనక్కి తగ్గుతాడు. బాధ్యత లేనివాడికి ఏ భయమూ లేదు గనుక దొరికింది బిగించుకుని వెళ్లిపోతాడు. నిబంధనలోని ఈ మసక వల్ల నష్టపోతున్నది మంచివాడే.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక పూట నిలబడితే మార్కెట్ వైపు సంగతి అర్థమవుతుంది. ఒకే కారుకు ఒకే సైజు ప్యాడ్ల సెట్టు మూడు నాలుగు ధరల్లో దొరుకుతుంది. ఒకటి కంపెనీ డబ్బాలో, ఒకటి పేరున్న విడిభాగాల సంస్థది, ఒకటి అట్ట పెట్టెలో, ఒకటి ఉత్త ప్లాస్టిక్ కవరులో. చూడటానికి నాలుగూ ఒకటే. చేత్తో పట్టుకున్నా తేడా తెలియదు. తెలియాలంటే 300 డిగ్రీలకు వేడెక్కించి డిస్కుకు రుద్ది చూడాలి. ఆ పని కొనేవాడు చేయలేడు, మేస్త్రీ చేయలేడు, కౌంటరు వెనుక కుర్రాడూ చేయలేడు. అందుకే అందరూ ధర చూసి, నమ్మకం మీద కొంటారు. దాని పక్క కొట్లోనే గీతలు, రంధ్రాలు చెక్కిన డిస్కులు, ఎర్ర రంగు క్యాలిపర్ కవర్లు, రేసింగ్ ప్యాడ్లు అద్దాల వెనుక మెరుస్తుంటాయి. చాలా రేసింగ్ ప్యాడ్లు బాగా వేడెక్కితే తప్ప పట్టవు. పొద్దున్నే కాలనీ గేటు దగ్గర, చల్లటి డిస్కు మీద, మామూలు ప్యాడు కంటే అవి తక్కువ పట్టే వీలుంది. ఆ మాట పెట్టె మీద తెలుగులో కాదు కదా, ఏ భాషలోనూ సరిగా రాసి ఉండదు.

పని జరిగే చోటు కూడా ఒకసారి చూడాలి. జాకీ ఎత్తి వెనుక చక్రం తీస్తారు. డ్రమ్ము తుప్పుపట్టి కదలకపోతే సుత్తితో చుట్టూ తడతారు. ఊడివచ్చాక లోపల అంచున వేలు పెడితే అరగని గట్టు తగులుతుంది. ఆ గట్టు ఎంత లేచి ఉంటే డ్రమ్ము అంత అరిగినట్టు. షూల మీద లైనింగ్ రివెట్ల దాకా వచ్చి ఉంటుంది. పైన వీల్ సిలిండర్ రబ్బరు టోపీని వేలితో కొద్దిగా పక్కకు లాగితే లోపల తడి కనిపిస్తుంది. ఆయిల్ కారి లైనింగ్ తాగేసిందని అర్థం. ఆ చక్రం సరిగా పట్టదు, లేదా ఉన్నట్టుండి పట్టేసి కారును ఒక పక్కకు లాగుతుంది. మంచి మేస్త్రీ అయితే రెండు వైపులా సిలిండర్లు మార్చాలంటాడు. యజమాని జేబు తడుముకుని "ఈసారికి షూలు వేసెయ్ అన్నా, మిగతాది మళ్లీ చూద్దాం" అంటాడు. మళ్లీ చూడటం షూలు మళ్లీ అరిగినప్పుడే. ఇదంతా జరుగుతుండగా పక్కన కుర్రాడు ఎయిర్ గన్‌తో డ్రమ్ములోని దుమ్మును ఊదేస్తుంటాడు. ముక్కుకు గుడ్డ కూడా ఉండదు. ఆస్బెస్టాస్ వాడకం మీద దేశంలో పూర్తి నిషేధం ఇంకా లేదు. ప్లాస్టిక్ కవరులో వచ్చిన లైనర్‌లో ఏముందో ఆ కుర్రాడి ఊపిరితిత్తులకే తెలియాలి. బ్రేకుల గురించి రాస్తూ ఆ కుర్రాణ్ణి మర్చిపోకూడదు.

చిన్న కారుకు బ్రేకు పెంచడం కొత్త విద్యేమీ కాదు. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీకి పది అంగుళాల చక్రాలు, నాలుగింటికీ డ్రమ్ములే. సంసారపక్షంగా నడిపితే అవి సరిపోయాయి. రేసు కార్లు తయారుచేసే జాన్ కూపర్ ఆ బుల్లి కారులోని సత్తా గమనించాడు. 1961లో పెద్ద ఇంజిన్‌తో మినీ కూపర్ వచ్చింది. వేగం పెరిగింది కాబట్టి ముందు చక్రాలకు ఏడు అంగుళాల డిస్కులు పెట్టారు. పది అంగుళాల చక్రం లోపల చోటు అంతంత మాత్రమే మరి. ఆ డిస్కులు చాలలేదు. 1963లో కూపర్ ఎస్‌కు డిస్కును ఏడున్నర అంగుళాలకు పెంచి, బ్రేకు బూస్టర్ (సర్వో) కూడా జోడించారు. మామూలు మినీకి ముందు డిస్కులు రావడానికి 1984 దాకా పట్టింది. చక్రం పన్నెండు అంగుళాలకు పెరిగాకే 8.4 అంగుళాల డిస్కుకు చోటు దొరికింది. మన ఆల్టో 800 చక్రం కూడా ఆ పన్నెండు అంగుళాలదే. అందులో పట్టే డిస్కుకు హద్దు ఉంది. హద్దు దాటాలంటే చక్రం మార్చాలి. చక్రం మారిస్తే టైరు మారాలి. టైరు చుట్టుకొలత మారితే స్పీడోమీటరు తప్పుతుంది. ఇలా ఒకటి లాగితే నాలుగు కదులుతాయి.

అందుకే మీ శాఖను అడుగుతున్నది తలుపులు బార్లా తెరవమని కాదు. బ్రేకు విషయంలో యజమానుల్లో, కొందరు మేస్త్రీల్లో పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది. డిస్కు పెద్దదైతే కారు తొందరగా ఆగుతుందని. ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు పాత బ్రేకే చక్రాన్ని జామ్ చేయగలిగితే, ఇక కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టే. అక్కడ పెద్ద డిస్కు చేసేదేమీ లేదు. పెద్ద డిస్కు ఉపయోగమంతా మళ్లీ మళ్లీ తొక్కాల్సిన చోట, ఘాట్ రోడ్డులో, నిండు బరువుతో. వేడిని దాచుకునే ఇనుము ఎక్కువ, గాలికి వదిలే చోటు ఎక్కువ. కాబట్టి చాలా చిన్న కార్లకు మొదటి మెరుగుదల నాలుగు మంచి టైర్లు, అసలు ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్, పగుళ్లు లేని రబ్బరు గొట్టాలు, సరిగ్గా తీసిన గాలి. ఇవన్నీ సరిచేశాక కూడా చాలకపోతేనే డిస్కు సంగతి.

డిస్కు దాకా వచ్చాక తప్పు చేయడం చాలా తేలిక. పెద్ద పిస్టన్లున్న క్యాలిపర్ వేసి మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచితే పెడల్ లోతుకు దిగుతుంది. ముందు పట్టు మరీ పెంచితే వెనుక బ్రేకులు ఉన్నా లేనట్టే. వెనుక డ్రమ్ములు తీసి డిస్కులు వేయించి, పట్టు లెక్క చూసుకోకపోతే అంతకంటే ఘోరం. తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందుగా జామ్ అయితే కారు తోక తిరిగి అడ్డం పడుతుంది. ముందు చక్రాలే ముందు జామ్ కావాలని ప్రపంచమంతా కార్లను తయారుచేసేది అందుకే. కార్ల బ్రేకులపై ఐక్యరాజ్యసమితి నిబంధన 13-హెచ్ గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి 70 మీటర్లలో ఆగాలంటూనే, ముందు వెనుకల పట్టు పంపకానికి కూడా హద్దులు పెట్టింది. షెడ్డులో ఈ పంపకాన్ని కొలిచే సాధనం లేదు. ఉన్నదల్లా మేస్త్రీ చేయి, చెవి, కాలు. అవి ఎంత గొప్పవైనా అంకె చెప్పలేవు.

దారి మీ దగ్గరే ఉంది. సీఎన్‌జీ కిట్ల విషయంలో మీరిప్పటికే వేసిన దారి అది. పెట్రోలు కారుకు గ్యాస్ కిట్టు పెట్టుకోవడానికి 52వ సెక్షన్‌లోనే వీలు కల్పించారు. కిట్టుకు టైప్ అప్రూవల్, అధీకృత కేంద్రంలో బిగింపు, ఆర్‌సీలో నమోదు. పాత కార్లను విద్యుత్తుకు మార్చే కిట్లకూ ఏఐఎస్-123 ప్రమాణం రాశారు. పెట్రోలు ట్యాంకు పక్కన అధిక పీడనపు గ్యాస్ సిలిండరును బిగించడానికి సురక్షితమైన పద్ధతి తయారుచేయగలిగిన శాఖకు, ముందు చక్రానికి రెండు అంగుళాలు పెద్ద డిస్కు బిగించడానికి పద్ధతి తయారుచేయడం అసాధ్యం కాదు. వాహనాల పరీక్షకు పుణెలో ఏఆర్ఏఐ ఉంది, మానేసర్‌లో ఐక్యాట్ ఉంది, ఇందోర్ దగ్గర పీథంపూర్‌లో 11.3 కిలోమీటర్ల ట్రాకుతో నాట్రాక్స్ ఉంది, చెన్నై పక్కన ఒరగడంలో పరీక్షా కేంద్రం ఉంది. అక్కడ వారం రోజులు పరీక్షిస్తే ఒక మోడల్‌కు ఏ డిస్కు, ఏ ప్యాడు, ఏ మాస్టర్ సిలిండర్ కలిసి పనిచేస్తాయో తేలిపోతుంది. రాణీగంజ్‌లో పదేళ్లు వాదించుకున్నా అది తేలదు.

విడిభాగాల సంగతి ఐరోపా ఎప్పుడో తేల్చుకుంది. అక్కడ అమ్మే ప్యాడ్లకు ఐక్యరాజ్యసమితి నిబంధన 90 కింద ఆమోదం కావాలి. చల్లగా ఉన్నప్పటి పట్టు అసలు ప్యాడు పట్టుకు 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలి. ప్యాడు వెనుక రేకు మీద ఆ ముద్ర ఉంటుంది. మన దేశంలోనూ దశాబ్దాలుగా బ్రేకు లైనింగులు తయారుచేస్తున్న రానే, బ్రేక్స్ ఇండియా వంటి సంస్థలున్నాయి. ప్రమాణం రాస్తే అందుకోగల పరిశ్రమ ఇక్కడ ఉంది. చట్టంలో కోరలూ ఉన్నాయి. కీలక భద్రతా భాగంగా ప్రకటించిన విడిభాగాన్ని ప్రమాణం లేకుండా అమ్మితే ఒక్కోదానికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ అని 182ఏ చెబుతోంది. ఆ మాటను రాణీగంజ్ కౌంటరు దాకా తీసుకురండి. ప్యాడు వెనుక రేకు మీద ఫోనుతో స్కాన్ చేస్తే ఆమోదం కనిపించే ముద్ర ఉంటే కొనేవాడికి కాస్త చూపు వస్తుంది.

కొలత విషయానికి బ్రిటన్‌ను చూడవచ్చు. మూడేళ్లు నిండిన కార్లకు అక్కడ ఏటా ఎంఓటీ పరీక్ష. బ్రేకు సామర్థ్యం ఒక అంకెగా రావాలి. 2010 సెప్టెంబరు నుంచి రోడ్డెక్కిన కార్లకు కనీసం 58 శాతం, హ్యాండ్ బ్రేకుకు 16 శాతం. చదువుకోవడానికి వెళ్లి అక్కడ పాత హ్యాచ్‌బ్యాక్ కొనుక్కునే మన తెలుగు పిల్లలకు ఇంకో సౌకర్యం తెలుసు. కారు నంబరు కొడితే దాని పాత పరీక్షల ఫలితాలన్నీ పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. ఏ ఏడాది ప్యాడ్లు పలచబడ్డాయని హెచ్చరించారో, ఏ ఏడాది ఫెయిల్ అయ్యిందో చూసుకుని బేరమాడతారు. అదే పిల్లవాడి తమ్ముడు గుంటూరులోనో కరీంనగర్‌లోనో అలాంటి కారే కొంటే, ఆ కారు బ్రేకు చరిత్ర గురించి అతని చేతికి ఒక్క వాక్యం కూడా రాదు.

అన్ని ప్రైవేటు కార్లకూ రేపటి నుంచే ఏటా పరీక్ష పెట్టమంటే జనానికి అదో అగచాటు అవుతుంది, దళారులకు ఆదాయం అవుతుంది. అది ఈ లేఖ కోరదు. 2021లో మీరు నిబంధనలు రాసిన ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు దేశంలో ఒక్కొక్కటిగా వస్తున్నాయి. వాటిలో రోలర్ బ్రేక్ టెస్టర్ ఉంటుంది. చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించి బ్రేకు తొక్కితే ఏ చక్రం ఎంత పడుతోంది, ఎడమకూ కుడికీ తేడా ఎంత అన్నది నిమిషాల్లో ప్రింటు వస్తుంది. ఆ రోలర్ల మీదికి మామూలు మనిషి తన ఆల్టోను, శాంత్రోను స్వచ్ఛందంగా తీసుకెళ్లి, తక్కువ రుసుముతో కొలిపించుకునే వీలు స్పష్టంగా కల్పించండి. అది పాస్, ఫెయిల్ సర్టిఫికెట్ కానక్కర్లేదు. ఉత్త కొలత చాలు. రెండో దశలో, కారు చేతులు మారేటప్పుడు, ఆర్‌సీ బదిలీ కాగితాలతో పాటు ఆ ప్రింటు జత చేయాలనండి. పదిహేనేళ్ల కాలంలో బ్రేకు కొలిపించడానికి అంతకంటే సహజమైన సందర్భం లేదు. అమ్మేవాడు దాచలేడు, కొనేవాడు అడగకుండా ఉండనక్కర్లేదు.

ఇక మెరుగుదల. 52వ సెక్షన్‌కు 2019లో చేర్చిన ఉపవిభాగం ప్రకారం భద్రతా పరికరాలు అమర్చమని తయారీదారును ఆదేశించే అధికారం మీకు ఉంది. ఆ అధికారం కింద మొదటగా చేయదగింది ఒకటుంది. 2019కి ముందు ఏబీఎస్ లేకుండా ఎక్కువగా అమ్ముడైన చిన్న కార్ల తయారీదారులను, ఒక్కో మోడల్‌కు పరీక్షించిన బ్రేకు కిట్టు ఇవ్వమనండి. ఏబీఎస్‌ను బయట బిగించడం కుదిరే పని కాదు. చక్రాల దగ్గర సెన్సర్లు, ప్రత్యేకమైన పంపు, ఆ కారుకే తగ్గట్టు రాసిన ప్రోగ్రాము కావాలి. ఆ ఆశ పెట్టకండి. కానీ ఘాట్ రోడ్డులో వేడికి నిలబడే ప్యాడు, అదే కుటుంబంలోని పెద్ద మోడల్ డిస్కు, దానికి సరిపోయే మాస్టర్ సిలిండర్, సరైన టైరు సైజు కలిసి ఒక కిట్టు కావచ్చు. చక్రం కొలత మారని చోట అనుమతి అక్కర్లేదనండి. మారితే ఆర్‌సీలో ఒక గీత రాయించుకుంటే చాలనండి. ఇన్సూరెన్స్ సంస్థలు ఆ గీతను గుర్తించాలనండి. ఈ మూడూ కలిపి ఒక్క నోటిఫికేషన్‌లో పట్టేంత విషయం.

మేస్త్రీలను ఇందులో బయటివాళ్లుగా చూడొద్దని మరీ మరీ మనవి. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా డ్రమ్ములు విప్పుతున్న చేతుల దగ్గర ఉన్న విద్య ఏ కంపెనీ షోరూములోనూ తక్కువలో దొరకదు. వాళ్లకు కావాల్సింది టార్క్ రెంచి, డిస్కు మందం చూసే మైక్రోమీటరు, బ్రేక్ ఆయిల్‌లో తేమ చూసే చిన్న పరికరం, ఆస్బెస్టాస్ దుమ్ము ఊదకుండా తడిపి తుడిచే పద్ధతి నేర్పే రెండు రోజుల శిక్షణ, చివర ఒక సర్టిఫికెట్. కిట్టు బిగించే అధికారం కంపెనీ వర్క్‌షాపులకే పరిమితం చేస్తే, పాత ఆల్టో యజమాని అటు తొంగి కూడా చూడడు. అతను ఏ షెడ్డుకు వెళ్తాడో కిట్టూ ఆ షెడ్డుకే వెళ్లాలి. మొదటి శిక్షణ విజయవాడ ఆటోనగర్‌లో పెట్టండి. అక్కడ స్థలం ఉంది, మనుషులున్నారు, విప్పడానికి కార్లకు కొదవ లేదు.

ఇట్లు,
పాత చిన్న కార్లు నడిపే కుటుంబాల తరఫున